సాన ఆగిన చోట పచ్చదనం

అచ్చంపేటలో యురేనియం అనే మాట 2019లో ఇంటింటికీ తెలిసింది. అంతకుముందు అది పిల్లల సైన్సు పుస్తకంలోని మాట. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం కోసం వెతకడానికి కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుందని ఆ ఏడాది తెలిసింది. మన్ననూరు, అమ్రాబాద్, పదర జనం రోడ్డెక్కారు. బోర్లు వేస్తే ఊటనీళ్లు ఏమవుతాయి, కింద పారే కృష్ణ ఏమవుతుంది, చెంచు పెంటలు ఏమవుతాయి అని అడిగారు. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. ఈ ప్రాంతానికి ఆ లోహం మిగిల్చింది భయం. ఆ భయానికి కారణాలున్నాయి. వాటిని ఒక్క పిసరు కూడా తక్కువ చేసి చూపడం ఈ కథనం ఉద్దేశం కాదు.

కానీ భూమి లోపల అదే లోహం మనుషులెవరూ చూడకుండా ఇంకో పని కూడా చేస్తుంది. కోట్ల ఏళ్లు పక్కనే ఉండి, తెల్లని వజ్రాన్ని ఆకుపచ్చగా మారుస్తుంది. ప్రపంచంలో అన్నిటికన్నా పేరున్న ఆకుపచ్చ వజ్రం ఇప్పుడు జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో ఉంది. దాని పేరు ‘డ్రెస్డెన్ గ్రీన్’. బరువు దాదాపు 41 క్యారెట్లు, అంటే ఎనిమిది గ్రాముల పైచిలుకు. కోహినూర్ పేరు తెలియని తెలుగువాడు ఉండడు. ఈ ఆకుపచ్చ రాయి సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు. అది కూడా మన వైపు నుంచి వెళ్లినదేనని నమ్మడానికి గట్టి ఆధారాలున్నాయి. పైగా కోహినూర్‌కు దక్కని అదృష్టం ఒకటి దీనికి దక్కింది. దాన్ని ఎవరూ మళ్లీ కోయలేదు.

లండన్ పత్రికలో ఒక వార్త

1722 అక్టోబరులో ‘ది పోస్ట్ బాయ్’ అనే లండన్ పత్రిక ఒక వార్త వేసింది. మార్కస్ మోజెస్ అనే వర్తకుడు ఇండియా నుంచి ఈమధ్యే వచ్చాడనీ, అతని దగ్గర చాలా పెద్ద వజ్రాలున్నాయనీ, వాటిలో ఒకటి మరకతం లాంటి ఆకుపచ్చ రంగుదనీ, దాన్ని రాజు మొదటి జార్జికి చూపించాడనీ అందులో ఉంది. డ్రెస్డెన్ గ్రీన్ గురించి దొరుకుతున్న మొదటి జాడగా చరిత్రకారులు దీన్నే చెబుతారు. నాలుగేళ్ల తర్వాత, 1726లో, లండన్ వర్తకుడొకడు ఒక ఆకుపచ్చ వజ్రాన్ని శాక్సనీ ప్రభువుకు 30,000 పౌన్లకు ఇస్తానంటున్నాడని ఒక ఉత్తరంలో ఉంది. అప్పుడు బేరం కుదరలేదు. 1740ల మొదట్లో లీప్‌జిగ్ సంతలో శాక్సనీ ప్రభువు, పోలండ్ రాజు మూడో ఆగస్టస్ దాన్ని కొన్నాడు.

ఇది మన రాయే అనడానికి లెక్క సులువు. బ్రెజిల్ గనుల వజ్రాలు యూరప్ మార్కెట్‌కు రావడం 1720ల చివర్లో మొదలైంది. దక్షిణాఫ్రికా గనులు తెరుచుకోవడానికి ఇంకా నూటయాభై ఏళ్లుంది. 1722 నాటికి లండన్ చేరిన ఇంత పెద్ద వజ్రం ఇండియా నుంచి రావాలి, లేదా బోర్నియో నుంచి రావాలి. బోర్నియోలో దొరికేవి కొద్దిగానే. తెచ్చినవాడేమో ఇండియా నుంచి వచ్చినవాడు. ఆ రోజుల్లో ఇండియా వజ్రాలంటే ప్రధానంగా కృష్ణ ఒడ్డు గనులు. ఎక్కువమంది నిపుణులు ఈ రాయికి కొల్లూరు గని పేరే చెబుతారు. కోహినూర్‌కూ చాలామంది చెప్పేది ఆ ఊరే.

కొల్లూరు పల్నాడు వైపు కృష్ణ ఒడ్డున ఉండేది. ఆ పరిసరాల్లోనే ఇంకో అచ్చంపేట ఉంది. రెండు ఊళ్లకూ పేరు ఒకటే, నది ఒకటే. మన అచ్చంపేట నల్లమలకు ఉత్తరాన ఉంటే, ఆ అచ్చంపేట నది దిగువన ఉంది. 1645లో అక్కడికి వెళ్లిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్, ఆ గనిలో దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వుతుంటే ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోసేవారట. పులిచింతల జలాశయం నిండాక ఆ ఊరు ఇప్పుడు నీళ్ల కింద ఉంది. డ్రెస్డెన్‌లో రాయి చుట్టూ కాపలా, లోకం నలుమూలల నుంచి వచ్చే సందర్శకులు. అది పుట్టిన చోటును చూడాలంటే మాత్రం నీళ్లను చూసి రావాల్సిందే. ఆ 60,000 మందిలో ఒక్కరి పేరూ మనకు మిగల్లేదు. నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

రాతికి రంగు ఎలా ఎక్కింది

కొల్లూరు గురించి టావెర్నియర్ రాసిన ఒక మాట విచిత్రంగా అనిపిస్తుంది. అక్కడి వజ్రాలకు మట్టి గుణం అంటుతుందనీ, చిత్తడి నేలలో దొరికితే నలుపు వైపు, ఎర్రనేలలో దొరికితే ఎరుపు వైపు, ఇంకోచోట ఆకుపచ్చ వైపు, పసుపు వైపు మొగ్గుతాయనీ అతను రాశాడు. మట్టి రంగు వజ్రానికి ఎక్కదు. వజ్రం కన్నా గట్టి పదార్థం ప్రకృతిలో లేదు, మట్టి దానిలోకి ఇంకేది లేదు. అయినా చోటు మారితే రంగు మారుతుందని అతని కన్ను పట్టుకున్నది వ్యర్థం కాదు. మట్టి రంగు ఎక్కకపోయినా, మట్టిలోని ఖనిజాల నుంచి వెలువడే రేడియేషన్ వజ్రంలోకి ఎక్కుతుంది.

స్వచ్ఛమైన వజ్రం అంటే పూర్తిగా కార్బన్. పరమాణువులన్నీ వరస తప్పకుండా పేర్చి ఉంటాయి. యురేనియం ఉన్న రాళ్లో, అది కరిగిన నీళ్లో పక్కన చాలాకాలం ఉంటే, వాటి నుంచి దూసుకొచ్చే కణాలు ఆ వరసలోని పరమాణువులను తన్నేస్తాయి. గోడలో ఇటుక ఊడినట్టు అక్కడ ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలు కాంతిలోని ఎరుపు భాగాన్ని పట్టేసుకుంటాయి. శాస్త్రవేత్తలు 741 నానోమీటర్ల దగ్గర కనిపించే గీతను బట్టి వాటిని గుర్తుపడతారు. ఎరుపు పోయాక కంటికి చేరేది ఆకుపచ్చ. రేడియేషన్ తగిలి రంగు మారిన ఈ సహజ వజ్రంలో రేడియోధార్మికత మిగిలి ఉండదు. తాకినవారికి ప్రమాదమేమీ లేదు.

ఇక్కడే సానపట్టేవాడి కష్టం మొదలవుతుంది. యురేనియం నుంచి వచ్చే ఆల్ఫా కణాలు వజ్రంలోకి ఎంతో దూరం పోలేవు. మిల్లీమీటరును నూరు ముక్కలు చేస్తే రెండు మూడు ముక్కల లోతు, అంతే. అందుకే గనిలో ఆకుపచ్చగా కనిపించే వజ్రాల్లో చాలావాటికి పచ్చదనం పైతోలులోనే ఉంటుంది. సాన చక్రం మీద పెట్టగానే రంగంతా పొడిగా రాలిపోయి, తెల్లగానో లేత పసుపుగానో ఉన్న మామూలు రాయి మిగులుతుంది. గామా కిరణాల లాంటివి మాత్రం లోపలిదాకా వెళ్తాయి. రాయి మొత్తం పచ్చబడాలంటే అలాంటి కిరణాలు చాలాకాలం తగలాలి. అంతకాలం తగిలాక కూడా వేడికి ఆ రంగు చెడకుండా ఉండాలి. 500, 600 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ ఖాళీలు కదలడం మొదలుపెట్టి, ఆకుపచ్చ కాస్తా గోధుమరంగు అవుతుంది. డ్రెస్డెన్ గ్రీన్‌ను లోతుగా కోసి 41 క్యారెట్లకు తెచ్చినా పచ్చగానే ఉందంటే, రంగు దాని లోపలే ఉందన్నమాట.

నల్లమల అంచు రాళ్ల సంగతి ఇక్కడ ఒక్కమాట చెప్పాలి. అచ్చంపేట చుట్టూ కనిపించే గుండ్లు గ్రానైటువి. మన్ననూరు ఘాటు ఎక్కితే ఆ గ్రానైటు మీద పరుచుకున్న క్వార్ట్‌జైట్ పొరలు వస్తాయి. ఉమామహేశ్వరం దగ్గర నిలువుగా లేచిన కొండగోడలు ఆ పొరలవే. ఈ రెండు రాళ్లూ కలిసే చోటునే యురేనియం పోగుపడిందని అణు ఖనిజాల శాఖవాళ్లు నల్లగొండ వైపు చిత్రియాల, లంబాపూర్, పెద్దగట్టులలో కనుక్కున్నారు. అమ్రాబాద్ మీద వాళ్ల కన్ను పడ్డది కూడా అందుకే. వజ్రాన్ని పైకి మోసుకొచ్చే కింబర్లైట్ రాయి కూడా పాత పాలమూరు జిల్లాలోనే నారాయణపేట వైపు ఉంది. దాని వయసు సుమారు 110 కోట్ల సంవత్సరాలు. వజ్రం, యురేనియం రెండూ కృష్ణకు ఇరువైపులా ఒకే పాత నేలలో ఉన్నాయి.

ఎంత కోయాలి, ఎక్కడ ఆపాలి

తెల్లవజ్రాన్ని కోసేవాడి లక్ష్యం ఒక్కటే. పై పలక నుంచి లోపలికి వెళ్లిన వెలుగు అడుగు పలకలకు తగిలి, కిందికి జారిపోకుండా మళ్లీ పైకే రావాలి. వజ్రంలో వెలుగు 24.4 డిగ్రీలు దాటిన కోణంలో పలకకు తగిలితే అద్దానికి తగిలినట్టే వెనక్కి తిరుగుతుంది. మార్సెల్ టోల్కోవ్‌స్కీ 1919లో ఈ లెక్కలన్నీ వేసి, గుండ్రని వజ్రానికి అడుగు పలకలు సుమారు 41 డిగ్రీల వాలులో ఉండాలని తేల్చాడు. ఇవాళ దుకాణాల్లో మెరిసే వజ్రాలన్నీ దాదాపు ఆ లెక్క బిడ్డలే.

రంగు వజ్రానికి ఈ లెక్క సరిపోదు. వెలుగు లోపల ఎంత దూరం తిరిగితే కంటికి రంగు అంత చిక్కగా కనిపిస్తుంది. త్వరగా బయటికి వచ్చేస్తే తళుకు ఎక్కువ, రంగు తక్కువ. ఎక్కువసేపు లోపలే తిప్పితే రంగు నిండుగా ఉంటుంది, కానీ రాయి మధ్యలో చీకటి మూసుకుంటుంది. తళుకును ఎంత వదులుకోవాలి, రంగును ఎంత పట్టుకోవాలి అన్నది ప్రతి రాయికీ వేరుగా తేల్చుకోవాలి. ఆకుపచ్చ వజ్రం విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. రంగు పైతోలులోనే ఉందని తెలిస్తే కొందరు రాయి నడుము దగ్గర కొంచెం తోలు కోయకుండా వదిలేస్తారు. ఆ చిన్న పట్టీలోని పచ్చదనం లోపల అటూ ఇటూ ప్రతిఫలించి రాయంతా పచ్చగా కనిపిస్తుంది. అక్కడ ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ కోస్తే రంగు మళ్లీ రాదు.

డ్రెస్డెన్ గ్రీన్ ఆకారం కన్నీటి బొట్టులా ఉంటుంది. పొడవు 29.75 మిల్లీమీటర్లు, వెడల్పు 19.88, లోతు 10.29. అంటే వెడల్పులో సగం కన్నా కొంచెం ఎక్కువ లోతు. రంగు నిలిచేంత లోతు, చీకటి మూసుకోనంత వెడల్పు. 1988లో అమెరికాలోని జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్ నిపుణులు డ్రెస్డెన్ వెళ్లి దీన్ని పరీక్షించారు. కోత తీరు, మెరుగు చూసి ఆశ్చర్యపోయారు. దాన్ని కోసిన కాలంలో విద్యుత్తు లేదు, కోణాలు కొలిచే యంత్రాలు లేవు, టోల్కోవ్‌స్కీ లెక్కలు లేవు. 1741కి ముందే ఎవరో ఒకరు కంటితో కొలిచి, చేత్తో పట్టి, ఇంత చక్కటి పలకలు తీశారు. మలినాలు లేని స్వచ్ఛమైన వజ్రాల తరగతిలోకి దీన్ని ఆ నిపుణులు చేర్చారు. కోహినూర్ కూడా ఆ తరగతిదే.

మన దగ్గరి సానవాళ్ల సంగతి కూడా టావెర్నియర్ రాశాడు. రాయి స్వచ్ఛంగా ఉంటే వాళ్లు పైనా కిందా చక్రానికి అలా తాకించి వదిలేసేవారట, బరువు పోతుందని ఏ ఆకారమూ ఇచ్చేవారు కాదట. మరకో పగులో ఉంటే మాత్రం అది కనబడకుండా రాయంతా చిన్నచిన్న పలకలతో నింపేసేవారట. అతను దీన్ని కొంచెం తక్కువ చూపుతోనే రాశాడు. నాకు మాత్రం అందులో తెలివి కనిపిస్తుంది. కోసింది తిరిగి అతకదని తెలిసినవాడి తెలివి అది.

ఎందుకంటే ఆ తెలివి లేనిచోట ఏం జరిగిందో మనకు తెలుసు. కోహినూర్ లండన్ చేరాక, 1851 ప్రదర్శనలో అది మెరవడం లేదని జనం పెదవి విరిచారు. మరుసటి ఏడాది ఆల్బర్ట్ యువరాజు చూస్తుండగా ఆమ్‌స్టర్‌డామ్ పనివాళ్లను పిలిపించి మళ్లీ సానపట్టించారు. 186 క్యారెట్లని చెప్పుకున్న రాయి 105.6 క్యారెట్లకు దిగింది. బరువులో నలభై శాతానికి పైగా పొడైపోయింది. ఆ పొడితో పాటు, మన నేల మీద దాన్ని కోసినవాళ్ల చేతిపనీ పోయింది. నిన్నగాక మొన్న కూడా ఇలాగే జరిగింది. గోల్కొండ నీలి వజ్రంగా పేరుపడ్డ విటల్స్‌బాఖ్‌ను 2008లో కొన్న లారెన్స్ గ్రాఫ్, దాన్ని మళ్లీ కోయించి 35.56 క్యారెట్ల నుంచి 31.06కు దించాడు. రంగు, స్వచ్ఛత మెరుగయ్యాయన్నారు. మూడు వందల ఏళ్లకు పైబడిన కోత మాత్రం మాయమైంది. దీన్ని నష్టం అనడానికి నేను వెనుకాడను.

డ్రెస్డెన్ గ్రీన్‌ను ఏ రాజూ మళ్లీ కోయించలేదు. చుట్టూ ఉన్న బంగారపు పనే మారింది. మొదట గోల్డెన్ ఫ్లీస్ పతకంలో కూర్చారు. 1746లో దాన్ని విప్పి మరో పతకం చేశారు. 1768లో డీస్‌బాఖ్ అనే కంసాలి దాన్ని టోపీకి పెట్టుకునే నగలో అమర్చాడు. రెండు పెద్ద తెల్లవజ్రాలూ, 411 చిన్నా మధ్యరకం వజ్రాలూ దానికి తోడుగా ఉన్నాయి. ఈనాటికీ అది ఆ నగలోనే ఉంది. 1945లో సోవియట్ సైన్యం మాస్కో తీసుకువెళ్లింది, 1958లో తిరిగి ఇచ్చింది. 2019 నవంబరు 25 తెల్లవారుజామున దొంగలు డ్రెస్డెన్ ఖజానాలోకి చొరబడి నగలు ఎత్తుకుపోయినప్పుడు, ఈ రాయి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శన కోసం వెళ్లి ఉంది. అలా బయటపడింది.

ఈ రాయికి శాస్త్రంలోనూ ప్రత్యేక స్థానం ఉంది. 1904 ప్రాంతంలో విలియం క్రూక్స్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త వజ్రాలను రేడియం లవణంలో పాతిపెట్టి ఆకుపచ్చగా మార్చాడు. అప్పటి నుంచి ఏ ఆకుపచ్చ వజ్రాన్ని చూసినా అనుమానమే. భూమి రంగు వేసిందా, మనిషి వేశాడా? రెండింటిలోనూ జరిగేది ఒకటే పని కాబట్టి పరికరాలు కూడా చాలాసార్లు తేల్చలేవు. రంగు ఎలా వచ్చిందో నిర్ణయించలేకపోయామని ప్రయోగశాలలు ధ్రువపత్రం మీదే రాసి ఇవ్వడం మామూలు. డ్రెస్డెన్ గ్రీన్‌కు ఆ అనుమానం అంటదు. రేడియోధార్మికతను బెకరెల్ కనుక్కున్నది 1896లో. దీని రంగు పత్రికకెక్కింది 1722లో. అందుకే 1988 నాటి నిపుణులు అంతదూరం వెళ్లారు. సహజమైన ఆకుపచ్చ ఎలా ఉంటుందో కొలిచి పెట్టుకోవడానికి అనుమానం లేని రాయి వాళ్లకు కావలసింది.

మన వేలి మీది పచ్చ

వజ్రాన్ని వదిలేస్తే, అచ్చంపేట బంగారు దుకాణాల్లో ఆకుపచ్చ రాయి అంటే పచ్చే. బుధుడి కోసం చిటికెన వేలికి పెట్టుకునేదీ అదే. దాని రంగు పుట్టుక పూర్తిగా వేరు. బెరిల్ అనే ఖనిజంలో క్రోమియం, వెనేడియం కొద్దిగా కలిస్తే పచ్చ అవుతుంది. నిజాం నగల్లోని గొప్ప పచ్చలు కొలంబియా గనులవి. స్పెయిన్, పోర్చుగీసు ఓడల మీద సముద్రాలు దాటి దక్కను చేరాయి. కృష్ణ ఒడ్డు వజ్రాలు యూరప్ వెళ్తుంటే, ఎదురుగా పచ్చలు ఇటు వచ్చాయి. 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్న 173 నిజాం నగల్లో, నగలో కూర్చకుండా విడిగా ఉన్న పచ్చలు 22 ఉన్నాయి.

పచ్చ వజ్రంలా తళతళలాడదు. వెలుగును వంచే శక్తి వజ్రానికి 2.42 అయితే పచ్చకు సుమారు 1.58. వెలుగును లోపలే తిప్పాలంటే పచ్చలో కోణం 39 డిగ్రీలు దాటాలి. కాబట్టి పచ్చను కోసేవాడు తళుకు కోసం తాపత్రయపడడు. పెద్ద పై పలక, మెట్లు మెట్లుగా దిగే పక్కలు, చితికిపోకుండా కోసేసిన మూలలు. రాయి సహజంగానే పెళుసు, లోపల సన్నని పగుళ్లు ఉంటాయి. పైగా ఒకవైపు నుంచి చూస్తే నీలం కలిసిన ఆకుపచ్చ, ఇంకోవైపు నుంచి పసుపు కలిసిన ఆకుపచ్చ. ఏ రంగు పైకి రావాలో కోయకముందే నిర్ణయించుకోవాలి. చెక్కేటప్పుడు చూపించే ఆ ఓపికే పచ్చ విలువలో సగం అని నా నమ్మకం.

చూసే వెలుగు కూడా కోతంత ముఖ్యం. గోల్కొండ వర్తకులు రాత్రిపూట గోడలో గూడు చేసి, లావు వత్తి దీపం పెట్టి, ఆ వెలుగులో వేళ్ల మధ్య రాయిని పట్టి పరీక్షించేవారని టావెర్నియర్ రాశాడు. రాయిలో నీలిఛాయ దాగి ఉందేమో తెలియాలంటే, గుబురు చెట్టు కిందికి తీసుకువెళ్లి ఆకుల పచ్చని నీడలో చూసేవారట. చుట్టూ ఉన్న వెలుగు రంగు మారితే రాయి దాచుకున్న రంగు బయటపడుతుందని వాళ్లకు తెలుసు. పరికరాలేవీ లేని కాలంలో ఇంత నిక్కచ్చి పరీక్ష ఉండేదంటే గర్వంగా ఉంటుంది.

ఇవాళ కొనేవాళ్లు కూడా అదే చేయవచ్చు. దుకాణంలో రాయి మీదికి దించిన దీపాల కింద పచ్చను చూసి ధర ఒప్పుకోవద్దు. గుమ్మం దాకా తెచ్చి, నేరుగా ఎండ పడని పగటి వెలుగులో చూడాలి. లోపలి పగుళ్లను నూనెతో నింపడం ఈ వ్యాపారంలో మామూలే. నింపారా, ఎంత నింపారు అని అడిగి బిల్లు మీద రాయించుకోవాలి. పచ్చ ఉన్న ఉంగరానికి అతుకు పెట్టించాల్సి వస్తే ముందు రాయి తీయించాలి, లేకపోతే మంట వేడికి నూనె కారి పగుళ్లు బయటపడతాయి. అల్ట్రాసోనిక్ యంత్రంలో కడిగించవద్దు. ఆఖరి పరీక్షకు పైసా ఖర్చు లేదు. నగలో ఇంకా బిగించని రాయిని ఈ పేజీ మీద, పై పలక మీ వైపు ఉండేలా పెట్టి, నేరుగా పైనుంచి చూడండి. రాయి మధ్యలోంచి అక్షరాలు చదవగలుగుతున్నారంటే అడుగు పలకల వాలు చాల్లేదు, వెలుగు పైకి రాకుండా కిందికి జారిపోతోంది. అలాంటి రాయికి దుకాణదారు చెప్పిన ధర ఇవ్వనక్కర్లేదు.